మెకానిక్స్ గారికి ఒక సప్లీ విద్యార్థి అర్జీ

మహారాజశ్రీ ఫస్టియర్ మెకానిక్స్ సబ్జెక్టు గారి సముఖానికి,

విజయనగరం నుంచి, తమరి దయవల్ల తప్పి, మళ్లీ రాసే సప్లీ పరీక్షకు ఫీజు కట్టిన బీటెక్ కుర్రాడు రాసుకున్న అర్జీ.

అయ్యా, తమరి రాజ్యం ఎటువైపో చెబితే ఒకసారి చూసొస్తాను. అక్కడ నేలకు ఘర్షణ లేదట. గిలకకు బరువు లేదు, తాడుకు అంతకన్నా లేదు. గాలి సంగతి సరేసరి. ఆ నేల మీద మా బొబ్బిలి బస్సును పెడితే టైర్లు తిరుగుతాయి గానీ బస్సు కదలదు.

ఇంటర్లో రెండేళ్లు v = u + at అని నిద్దట్లో కూడా అప్పజెప్పాను. త్వరణం మారకపోతేనే అది చెల్లుతుందని తమరి క్లాసులో గానీ తెలీలేదు. మారితే ఇంటిగ్రేషన్ చెయ్యాలన్నారు. న్యూటన్ గారు మాత్రం 1687లో గతి నియమాలు అచ్చేయించినప్పుడు, కాల్‌క్యులస్ చేతిలో ఉండి కూడా, చాలావరకు జ్యామితి బొమ్మలతోనే నెట్టుకొచ్చారు. ఆయన్నెవరూ అడగలేదు.

పోనీ, ఇంటిగ్రేషన్ చేస్తే మార్కులిచ్చారా? శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నుయ్యి ఉంది. మే నెలలో నీళ్లు అడుక్కి పోతాయి. నానిన చేంతాడు బకెట్టుతో పోటీపడుతుంది, నాలుగు బకెట్లు తోడేసరికి అరచేతులు ఎర్రగా కందిపోతాయి. అందుకని మిడ్ పరీక్షలో నూతి లెక్క రాగానే నిజాయితీగా తాడు బరువూ కలిపాను. లోతు 10 మీటర్లు, తాడు 4 కిలోలు అనుకున్నాను. లాగేకొద్దీ వేలాడే తాడు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. పేజీన్నర ఇంటిగ్రేషన్ చేస్తే ఒక్క తాడు లాగడానికే 196 జౌల్స్ పని తేలింది. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత, పక్కన ఒక ముక్క: "తాడుకు బరువు లేదు. ప్రశ్న చదువు."

సరే, బుద్ధి తెచ్చుకున్నాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. అమ్మ కలలో చెప్పిన చోట వెతికి తెచ్చిన చింతమాను, దాని కొసన ఆకాశంలో పూజారి, కింద ఇసకేస్తే రాలనంత జనం. అందరూ దణ్ణం పెడుతుంటే నేను టికెట్టు వెనక, ఏ బలం ఎటు లాగుతుందో చూపే ఫ్రీ బాడీ డయాగ్రం గీస్తున్నాను. ఇరుసుకు అటు 12 మీటర్లు, ఇటు 3 అనుకుంటే, 60 కిలోల పూజారి గారికి ఈ మొదట్లో 240 కిలోలు సరితూగాలి.

"ఏట్రా ఆ గీతలు?" అంది మా అమ్మ.

చెప్పాను. మానుకు బరువు లేదనుకుంటే లెక్క తేలికనీ చెప్పాను.

"బరువు లేని మానేట్రా! ఊరూ వాడా కలిసి తెచ్చింది కాగితం ముక్కనుకున్నావా? ముందు చెంపలేసుకో."

వేసుకున్నాను. ఎర్ర ఇంకే నయం.

సప్లీ వచ్చే నెల్లో. తాడుకు బరువుందో లేదో ఈసారి ప్రశ్నలోనే కాస్త పెద్దక్షరాలతో వేయించగలరు.

ఇట్లు,
తమరి బ్యాక్‌లాగ్