మార్చి 24న పుట్టిన ఫిరంగి

ఆగస్టు పదిహేను దగ్గరపడింది గనుక మా ఊరి ఫిరంగికి మళ్లీ వెండి రంగు వేశారు. ఇది ఎన్నో పూతో ఎవరూ చెప్పలేరు. పోయినేడు ఒక పెచ్చు ఊడిపడితే తీసి చూశాను. పైన వెండి, దాని కింద నలుపు, ఆ కింద ఆకుపచ్చ, అడుగున మళ్లీ వెండి. మాను నరికి వలయాలు లెక్కపెట్టినట్టు, ఈ పెచ్చు పొరలు లెక్కపెడితే మా ఊరికి ఎందరు అధికారులు వచ్చి వెళ్లారో తేలుతుంది. ఇంత చరిత్ర రంగులోనే ఉండగా ఇనుము దాకా పోవడం అత్యాశ.

మాది కోస్తాలో ఒక పాత రేవు. ఓడలు రావడం మానేసి చాలా కాలమైంది, ఫిరంగి మాత్రం ఉండిపోయింది. ఒక కార్యాలయం ముందు సిమెంటు దిమ్మెలో నడుము దాకా దిగబడి, సముద్రానికి వీపు పెట్టి, ఎదురుగా ఉన్న టీకొట్టు మీద గురి నిలిపి ఉంటుంది. దిమ్మెకు ఒక శిలాఫలకం ఉంది. ఆవిష్కరించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్ట అతిథులు పదకొండు మంది పేర్లు అందులో ఉన్నాయి. ఫిరంగిని గురించి ఒక్క ముక్క లేదు. చోటు చాలలేదట.

ఆ లోటు తీర్చడానికి ఊళ్లో పండితులు ఉన్నారు. ఇది టిప్పు సుల్తాను ఫిరంగి అని ఒక వర్గం. టిప్పు ఈ వైపు రాలేదు కదా అంటే, ఫిరంగిని పంపించి తాను ఆగిపోయాడంటారు. ఇంకో వర్గానిది ప్రేమకథ. ఫిరంగి వీపు మీద హృదయాకారంలో ఒక ముద్ర ఉంది. ఒక దొర తన దొరసానిని తలుచుకుని పోత పోయించాడని దానికి కథ అల్లారు. ఆ కథ నమ్మి మా కాలేజీ పిల్లలు చుట్టూ తమ పేర్లు జంటలు జంటలుగా గీశారు. నిజానికి అది ఈస్టిండియా కంపెనీ సరుకు మూటల మీద వేసే ముద్ర. హృదయాన్ని అడ్డగీతలతో విడగొట్టి గదికొక అక్షరం చొప్పున వి, ఇ, ఐ, సి అని వేసేవారు, తల మీద నాలుగు అంకె లాంటి గుర్తు ఉండేది. మిరియాల బస్తా మీద, తుపాకి మీద, ఫిరంగి మీద అదే ముద్ర. ప్రేమ ఉందనే అనుకుందాం, అది లాభం మీద.

అసలు విశేషం ఆ ముద్ర దగ్గర చెక్కిన అంకెలు: 24–3–14. అది ఫిరంగి పుట్టినరోజని ఊరంతా ఏకగ్రీవంగా తేల్చింది. 1814 అని పెద్దలు, 1914 అని కుర్రవాళ్లు వాదించుకుంటారు గానీ మార్చి 24 మీద భేదాభిప్రాయం లేదు. ఏటా ఆ రోజు ఉత్సవ సంఘం వారు ఫిరంగికి పూలదండ వేసి, మూతి దగ్గర కొబ్బరికాయ కొట్టి, పులిహోర పంచుతారు. పులిహోర బాగుంటుంది. నేను ఏ ఏడూ తప్పిపోలేదు.

ఎక్కడో చదివిన పాపానికి నాకు అనుమానం పట్టుకుంది. అరిగిన అక్షరాలు ఎండలో కనబడవు, చీకట్లో టార్చి పక్కవాటుగా పట్టుకుంటే నీడలు లేచి కనబడతాయి. ఒక రాత్రి సుద్దముక్క, టార్చి పట్టుకుని వెళ్లి ఫిరంగి మీద బోర్లా పడుకుని చూస్తున్నాను. వాచ్‌మన్ వచ్చాడు.

“ఏం వెతుకుతున్నారు మాస్టారూ?”

“దీని బరువు.”

“బరువు కావాలంటే కాటా దగ్గరికి తీసుకెళ్లాలి గానీ, టార్చి వేస్తే తెలుస్తుందా?”

తెలుస్తుంది. ఇంగ్లీషు ఫిరంగుల మీద బరువును మూడు అంకెలుగా చెక్కేవారు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటి 112 పౌన్లు. వంద అని పేరు పెట్టి నూట పన్నెండు తూచిన జాతి అది, మన కొట్లలో కాటా ఎప్పుడూ అటు మొగ్గలేదు. రెండోది అందులో పావులు, పావుకు 28 పౌన్లు. మూడోది విడి పౌన్లు. మా ఫిరంగిది కూడితే 2,786 పౌన్లు, అంటే సుమారు 1,264 కిలోలు. పావులు మూడు దాటవు గనుక నడిమి అంకె ఎప్పుడూ సున్నా నుంచి మూడు లోపే ఉంటుంది. మా ఊరి సిద్ధాంతం ప్రకారం కంపెనీ ఫిరంగులన్నీ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే పుట్టాయి. సున్నా ఉన్నవి ఏ నెలలో పుట్టాయో పంచాంగం వారు చెప్పాలి.

ఫిరంగుల లెక్క పాతవాళ్లకు ప్రాణం. 1759 ఏప్రిల్‌లో కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డు రాత్రికి రాత్రి ఎక్కి ఫ్రెంచివారి నుంచి బందరు కోట పట్టుకున్నప్పుడు, లోపల 120 ఫిరంగులు దొరికాయని రాసుకున్నారు. దోచుకునేవాడికి ఉండే శ్రద్ధ అది. మన చేతికి వచ్చినవాటిని మనం మళ్లీ దోచుకోలేం కదా, అందుకని లెక్క పెట్టలేదు. మా కార్యాలయం రిజిస్టరులో నా కళ్లారా చూశాను. విరిగిన కుర్చీలు ఏడు, తర్వాత ‘ఇనుప సామాను, పెద్దది, ఒకటి’.

నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువని 1972 నాటి చట్టం చెబుతోంది. భూమిలో దాగి ఉండి పది రూపాయలకు మించిన విలువ చేసేది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయలకు ఇప్పుడు మా టీకొట్టులో టీ కూడా రాదు గనుక, ఫిరంగిని దిమ్మెలో పాతినవారు ఎంత పెద్ద నేరం చేశారో మీరే ఊహించుకోండి.

ఇక పరిరక్షణ. సముద్రపు గాలి సోకిన పోత ఇనుములో ఉప్పు లోలోపలికి చేరుతుందని, పైన రంగు వేస్తే తుప్పు ఆగకుండా రంగు కిందనే పొరలు పొరలుగా విప్పుకుంటుందని తెలిసినవారు అంటారు. కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి సన్నగా విద్యుత్తు పంపిస్తూ నెలల తరబడి ఆ ఉప్పును లాగాలట. తర్వాత టానిన్ పూత, ఆపైన మైనం. టానిన్ అంటే కంగారు పడనక్కరలేదు, కరక్కాయలో ఉండేదే. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకున్న తాతలకు ఇనుము మీద కరక్కాయ ఏం చేస్తుందో తెలుసు. మనవలకు వెండి రంగు డబ్బా తెలుసు. నీళ్లు నిలవకుండా ఫిరంగిని నేలకు ఎడంగా, మూతి కాస్త కిందికి వంచి ఉంచాలని కూడా అంటారు. మావాళ్లు మూతి పైకెత్తి, వానకు నిండిన తర్వాత దోమలు వస్తున్నాయని సిమెంటుతో మూసేశారు.

ఆ మూసిన మూతి చూస్తే నాకు న్యూయార్కు గుర్తొస్తుంది. అక్కడి సెంట్రల్ పార్కు వారి దగ్గర ఇలాగే మూతికి సిమెంటు పెట్టిన ఒక పాత బ్రిటిషు ఫిరంగి ఉండేది. 2013 జనవరిలో తుప్పు గీకుదామని విప్పితే లోపల గుండు, మందు యథాతథంగా ఉన్నాయి. అంతకుముందు చాలాకాలం జనం మధ్యనే ఉంది అది. ఈ సంగతి టీకొట్టు యజమానికి చెప్పాను. ఆయన బల్ల ఒక గజం ఎడమకు జరుపుకున్నాడు. మా ఊళ్లో ఫిరంగి విషయమై నిపుణుల సలహాను అమలు చేసిన మొదటి వ్యక్తి ఆయనే.

ఉత్సవ సంఘం వారికీ విషయం విన్నవించాను. ఇది పుట్టినరోజు కాదండీ, బరువు అన్నాను. కాసేపు మౌనంగా ఉన్నారు. పులిహోర ఆగిపోతుందని నేను భయపడ్డాను. అధ్యక్షుడి ముఖం వికసించింది. “బరువు తెలిసింది కదా, ఇన్నాళ్లూ తెలియకనే ఆగాం” అని, వచ్చే మార్చి 24న ఫిరంగికి బెల్లంతో తులాభారం తీర్మానించారు. 1,264 కిలోలకు ధర కట్టమని బెల్లం కొట్టుకు కబురు వెళ్లింది. కొట్టు యజమాని లోభి, అందుకని ఒక్క ప్రశ్న వేశాడు: అది చెక్కిన నాటి బరువు కదా, ఈ రాలిన తుప్పంతా పోను ఇప్పుడు ఎంత ఉంటుంది?

దానికి జవాబు కోసం మా సంఘం ఒక ఉపసంఘం వేసింది. ఉపసంఘం తొలి సమావేశంలో, తూచడానికి ముందు బాగుంటుందని, మరో పూత వేయాలని నిర్ణయించారు.