కాన్ఫిగర్ స్క్రిప్టు గారికి ఒక విన్నపం

ప్రోగ్రామును కంపైల్ చేసే ముందు యంత్రంలో ఏమేమి ఉన్నాయో పరీక్షించే మహారాజశ్రీ కాన్ఫిగర్ స్క్రిప్టు గారి దివ్య సముఖానికి, ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) సర్వర్లను సోర్సు నుంచి కంపైల్ చేసుకొనే ఒక అడ్మిన్ నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

1988 ఆగస్టులో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీని మొదలుపెట్టేనాటికి తమరు ఇంకా అవతరించలేదు. ఏ యంత్రానికి ఏ లైబ్రరీ కావాలో అడ్మినే తెలుసుకొని మేక్ ఆదేశం చదివి కంపైల్ చేసే మేక్‌ఫైలును చేత్తో దిద్దుకొనేవాడు. 1991లో, కాన్ఫిగర్ స్క్రిప్టులను పుట్టించే ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు తమ వంశాన్ని భూమి మీదికి దించి ఆ బాధ తప్పించింది. ఆ ఉపకారాన్ని నేను కాదనను. అయితే, పెళ్ళిచూపులకు వచ్చి పిల్లను తప్ప ఆమె ముత్తాతలందరినీ విచారించి వెళ్ళే పెద్దమనిషి తీరు తమకెందుకు అబ్బిందో బోధపడదు.

తమరు మొట్టమొదట నా బిల్డ్ వాతావరణానికి మతి స్థిమితంగా ఉందా అని ఆరా తీస్తారు. తీరా చూస్తే, అప్పుడే పుట్టిన ఫైలు తమకంటే కొత్తదిగా కనిపిస్తోందా, అంటే గడియారం సరిగ్గా ఉందా అన్నదే ఆ పరీక్ష. పిమ్మట 1989 నాటి సీ భాష ప్రమాణంలోనే ఉన్న హెడర్లను (ఫంక్షన్ల ప్రకటనలుండే ఫైళ్ళను) పేరుపేరునా పిలిచి హాజరు వేసుకుంటారు. సొలారిస్ అనే యునిక్స్‌లో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) ఫంక్షన్లు వేరే లైబ్రరీలో కాపురముండేవి గనుక, అవన్నీ సీ మూల లైబ్రరీ అయిన లిబ్‌సీలోనే ఉన్న లినక్స్ మీద కూడా ఆ ప్రశ్న వదలరు.

చాట్ సర్వరుకు ప్రాణప్రదమైన ప్రశ్న వేరే ఉంది. ప్రతి వాడుకరికీ ఒక సాకెట్ తెరిచి ఉంచాలి గనుక, వేల సాకెట్లలో ఏది పలికిందో చెప్పడానికి లినక్స్‌లో ఈపోల్, ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ, సొలారిస్‌లో డెవ్‌పోల్ ఉన్నాయి. అదే పని చేసే పాత సెలెక్ట్ సాధారణంగా 1024 సాకెట్ల దగ్గరే చతికిలబడుతుంది. వీటిలో దేన్ని వాడాలన్న ఇంతటి నిర్ణయాన్ని తమరు వరుసపెట్టి వచ్చే 'ఉంది'ల నడుమ ఒక్కసారి గొణిగి దాటిపోతారు.

సంభాషణను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ విషయంలో తమ ఔదార్యం మరీ గొప్పది. 2015 నాటి ఎల్ కాపిటాన్ నుంచి మ్యాక్ డెవలపర్ల కిట్ అయిన ఎస్‌డీకేలో దాని హెడర్లు లేవు. ప్యాకేజీలు తెచ్చిపెట్టే హోమ్‌బ్రూ తెచ్చినా విడిగా తన గూటిలోనే ఉంచుతుంది, దారి చూపకపోతే తమరు అటు తొంగిచూడరు. టీఎల్‌ఎస్ అనే ఆ గుప్తీకరణ తప్పనిసరి కాని సర్వర్లలో 'లేదు' అని నమోదు చేసుకొని, ఏమీ జరగనట్టు ముందుకు సాగుతారు. బైనరీ తయారవుతుంది, సర్వరు లేస్తుంది, జనం తమ పాస్‌వర్డులను బట్టబయలుగా పంపుకొంటారు.

ఆగ్రహించినప్పుడు మాత్రం, కంపైలరు ఎగ్జిక్యూటబుల్ తయారుచేయలేకపోతోందని తీర్పు చెప్పి, కారణానికి తమ పరీక్షల చిట్టా అయిన కాన్ఫిగ్ లాగ్ ఫైలు చూసుకోమంటారు. ఫైలు చివరి వరుసలే చూపే టెయిల్ ఆదేశం కొట్టి చూసే మావంటివారికి అక్కడ కనిపించేది తమ వేరియబుళ్ళ చిట్టా, అట్టడుగున 'ఎగ్జిట్ 77' అనే ముగింపు సంకేతం. అసలు కారణం ఆ చిట్టాకు ఎంతో పైన, తమ పరీక్ష ప్రోగ్రాముల నడుమ దాక్కొని ఉంటుంది.

కావున తమరు దయచేసి ఈపోల్, టీఎల్‌ఎస్‌ల సంగతిని ఆఖరున గొంతెత్తి చెప్పవలసిందిగా ప్రార్థన. హెడర్ల హాజరు మౌనంగా వేసుకున్నా మాకు అభ్యంతరం లేదు. చిత్తగించవలెను.

ఇట్లు,
మేక్ కొట్టడానికి ఇంకా తమ అనుమతి దొరకని
ఒక అడ్మిన్