చుట్టరికం వేరు, ఆఫీసు ఫైలు వేరు

నిన్న మధ్యాహ్నం తిరుపతిలో మా దగ్గరి బంధువుల గృహప్రవేశంలో, బంతిలో కూర్చున్న అందరూ వింటుండగా, మా మేనమామ నన్ను ఒక మాట అన్నారు. "ఆ సీట్లో నువ్వుండీ మా పిల్లోనికి ఒక కాగితం రాలేదంటే, నువ్వు అక్కరకు రాని చుట్టానివే అల్లుడా" అన్నారు. అంతటితో ఆగలేదు. "ఇన్నేండ్ల ఉద్యోగంలో ఎవురికీ వంచి రాయలేదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని కూడా అడిగారు. ఆయన పెద్దవారు, చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని జాతరకు తీసుకెళ్ళినవారు. అందుకే అక్కడ ఎదురు మాట్లాడలేదు, విస్తరి ముందు నుంచి లేవలేదు. అక్కడ చెప్పని సమాధానం ఇక్కడ పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదని, ప్రభుత్వ ఉద్యోగం చేసే ప్రతివారి ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో నడుస్తున్నదేనని నాకు బాగా తెలుసు.

నేను చిత్తూరు జిల్లాలోని ఒక తహసీల్దారు కార్యాలయంలో పనిచేస్తున్నాను. మామ మనవడు, అంటే మా బామ్మర్ది కొడుకు, జేఈఈ రాస్తున్నాడు. కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశానికి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) ధ్రువపత్రం కావాలని దరఖాస్తు పెట్టారు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈ పది శాతం రిజర్వేషన్‌కు కేంద్రం పెట్టిన షరతులు స్పష్టంగా ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల రూపాయల లోపు ఉండాలి. ఆదాయం ఎంత తక్కువైనా సరే, ఐదెకరాలు లేదా అంతకు మించి వ్యవసాయ భూమి ఉన్న కుటుంబానికి ఇది వర్తించదు. వెయ్యి చదరపు అడుగులు లేదా అంతకు మించిన ఫ్లాటు ఉన్నా వర్తించదు. మా బామ్మర్ది పేరు మీద ఏడెకరాల మామిడితోట ఉంది. ఆ తోట గట్టు మీద నేను ఆడుకున్నాను, దాని విస్తీర్ణం తెలుసుకోవడానికి నాకు అడంగల్ (గ్రామ భూమి రికార్డు) అక్కరలేదు. విచారణ నివేదిక నా చేతి మీదుగా వెళ్ళాల్సి వచ్చినప్పుడు, దరఖాస్తుదారు నాకు దగ్గరి బంధువని, ఈ ఫైలును మరొకరికి అప్పగించాలని తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేశాను. వేరే అధికారి విచారించి, రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాశారు, దరఖాస్తు తిరస్కరణకు గురైంది. జరిగింది ఇంతే. మామ దృష్టిలో మాత్రం నేను ఇంటి పిల్లవాణ్ణి పరాయివాళ్ళ చేతుల్లో పెట్టి చేతులు కడుక్కున్నాను.

మామ వాదనలో బలం లేదని నేను అనను. తోతాపురి కాయకు ధర లేక మన జిల్లా రైతు ఎంత నలిగిపోతున్నాడో నేను కళ్ళారా చూస్తున్నాను. 2025లో ధర పడిపోయినప్పుడు కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం నాలుగు రూపాయలు కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలో మా బామ్మర్ది కూడా రాత్రిళ్ళు కాయలు కాచుకుని పడుకున్నాడు. ఏడెకరాల తోట ఉన్నవాడు ఏడాది చివర చేతిలో రూపాయి లేకుండా ఉండవచ్చు. కాలువ కింద మాగాణికీ, వెయ్యి అడుగులు తవ్వినా నీళ్ళు పడని మన మెట్టభూమికీ ఒకే ఐదెకరాల కొలత పెట్టడం అన్యాయమని ఆయన అంటే, ఆ మాట మీద నేనూ సంతకం చేస్తాను. ఆ అన్యాయం గురించి ఎంపీకి అర్జీ పెట్టమనండి, రైతు సంఘంతో తీర్మానం చేయించమనండి, ఆ అర్జీ నేనే కూర్చుని రాసిపెడతాను. నియమం తప్పుగా ఉంది కనుక, నీ కుర్చీలో నువ్వున్నావు కనుక, ఒక్క మా పిల్లవాడి వరకు దాన్ని వంచు అంటే మాత్రం నా చేయి ఆడదు. అదే మండలంలో ఆరెకరాల ఎండిన తోట ఉండి, ఆఫీసులో అల్లుడు లేని రైతు కొడుకుకు అదే నియమం నిటారుగా నిలబడి ఉంటుంది కదా? వాడికి లేని మినహాయింపు మనవాడికి ఏ హక్కు మీద వస్తుంది?

"ఒక సంతకం పెట్టేదానికి నీకేం పోయింది?" అని అత్త కూడా అడిగింది. నాకేమీ పోదు, అదే అసలు బాధ. పోయేది మరొకరికి. ఆ పది శాతం సీట్లు పెరిగే సీట్లు కావు. మన ఊరి పక్కనే ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, సైన్సు చదువుల ఐఐఎస్ఈఆర్ ఉంది, వాటిలో ప్రతి సీటూ లెక్కపెట్టి ఉంటుంది. మావాడు అర్హత లేని కాగితంతో ఒక సీటులో కూర్చుంటే, రెండెకరాల వాడి కూతురో, చిన్న గుడిలో అర్చకత్వం చేసుకునే వాడి కొడుకో ఆ సీటు పోగొట్టుకుంటారు. తమకు ఎందుకు రాలేదో వాళ్ళకు ఎప్పటికీ తెలియదు, ఎవరిని నిలదీయాలో కూడా తెలియదు. మా మామ ముఖం నా ఎదురుగా ఉంది, ఆయన కోపం నాకు వినిపిస్తుంది, ఆయన రేపు పెళ్ళికి పిలవకపోతే నా భార్యాపిల్లలు బాధపడతారు. ఆ రెండెకరాల రైతు ముఖం నేను ఎన్నడూ చూడను. ప్రభుత్వం నాకు జీతమిచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది ఆ కనిపించని మనిషి తరఫున కూడా చూడమనే. లంచం ఇవ్వజూపిన వాణ్ణి బయటికి పొమ్మనడం నాకు ఎన్నడూ కష్టం కాలేదు. వాడు పరాయివాడు, వాడి డబ్బు మీద నాకు గౌరవం లేదు. ప్రేమగా అడిగే మనవాళ్ళకు కాదని చెప్పడమే ఈ ఉద్యోగంలో నిజమైన కష్టం. ఆ కష్టం గురించి శిక్షణలో మాకు ఎవరూ చెప్పలేదు.

మా రాష్ట్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి మూడవ నిబంధన విధినిష్ఠ, సంపూర్ణ నిజాయితీ, క్రమశిక్షణ, నిష్పక్షపాతం అని వరుసగా చెబుతుంది. కేంద్ర ఉద్యోగుల నియమావళి, అదీ 1964 నాటిదే, ఇంకొంచెం విడమరచి చెబుతుంది. తనకు గానీ తన కుటుంబ సభ్యులకు గానీ ప్రయోజనం ఉన్న వ్యవహారాన్ని ఉద్యోగి తాను తేల్చకూడదు, పై అధికారికి నివేదించాలి అని దాని నాలుగవ నిబంధన. ఆ మాటలో కుటుంబం అన్నదానికి మేనమామ కొడుకు వస్తాడా రాడా అని లాయర్లు వాదించుకోవచ్చు, నాకు ఆ వాదన అక్కరలేదు. ఫైలు మీద పేరు చూడగానే నా మనసు ఒకవైపు ఒరిగిందా లేదా అన్నది నాకు తెలుస్తుంది. ఒరిగితే ఆ ఫైలు నాది కాదు.

"నువ్వు వ్యతిరేకంగా రాయకపోతే చాలదా, పక్కన కూర్చుని చూస్తూ ఉంటే సరిపోయేది కదా" అన్నవారు కూడా ఆ బంతిలో ఉన్నారు. వారికి 1969లో సుప్రీంకోర్టు తేల్చిన క్రైపాక్ కేసు చెప్పాలి. జమ్మూ కశ్మీర్‌లో ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు అధికారులను ఎంపిక చేసే బోర్డులో, తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్‌గా ఉన్న అధికారి సభ్యుడిగా కూర్చున్నారు. ఎంపిక కోరుతున్న అభ్యర్థుల్లో ఆయనా ఒకరు. తన పేరు పరిశీలనకు వచ్చినప్పుడు ఆయన చర్చలో పాల్గొనలేదు. అయినా కోర్టు ఆ ఎంపిక జాబితాను కొట్టేసింది. ఆయన నిజంగా పక్షపాతం చూపించాడా అన్నది ముఖ్యం కాదని, చూపించడానికి సహేతుకమైన అవకాశం ఉందా అన్నదే చూడాలని చెప్పింది. పక్కన మౌనంగా కూర్చున్నా ఆ గదిలో మన ఉనికి మాట్లాడుతూనే ఉంటుంది. మా ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లలు నా బంధువు ఫైలు చేతికి వచ్చినప్పుడు నా ముఖం వైపు చూడకుండా ఉంటారా?

ఇక కాణిపాకం ప్రమాణం సంగతి. ఆ దేవుడి ఎదుట అబద్ధం చెప్పడానికి మన ప్రాంతంలో దొంగ కూడా జంకుతాడు. మామ అంత పెద్ద పేరు ఎత్తారు కనుక ఆ క్షేత్రం కథే గుర్తు చేస్తాను. స్వామి దర్శనానికి వెళుతున్న శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ముల్లో తమ్ముడు ఆకలికి ఆగలేక పరాయి తోటలో మామిడిపండు కోసుకున్నాడు. అన్న వద్దన్నాడు, తమ్ముడు వినలేదు. అన్నే వెళ్ళి రాజుకు చెప్పాడు, రాజు తమ్ముడి రెండు చేతులూ నరికించాడు. గుడి పక్క ఏటిలో మునిగితే ఆ చేతులు తిరిగి వచ్చాయని స్థలపురాణం, బాహుదా నది కథ అదే. మనం పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు చేతులు మొలిచిన మహిమ దగ్గర ఆగిపోతాం. నాకు ఎప్పుడూ ఆ అన్న గుర్తొస్తాడు. ఒక పండు కోసం చేతులు నరికించిన రాజును నేను మెచ్చుకోను, ఆ శిక్ష క్రూరమైనది. కానీ ఆ అన్న తమ్ముణ్ణి ప్రేమించలేదని ఎవరైనా అనగలరా? తోట యజమాని ఎవరో ఆ కథలో పేరు కూడా లేదు. పేరు లేని ఆ మనిషి పండు కోసం శంఖుడు తన రక్తసంబంధాన్ని పణంగా పెట్టాడు. అదే గుడిలో నిలబడి, బంధువు కోసం వంచి రాయలేదని ప్రమాణం చేయడానికి నేను ఏ రోజైనా సిద్ధం. మామ రోజు చెప్పాలి, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ఆయనకు నొప్పి కలిగిస్తుందని తెలిసే చెబుతున్నాను. మా నాన్న బతికున్నప్పుడు మా పొలం పక్క వంక పోరంబోకును ఒకాయన ఆక్రమించి, దాంతో పాటు మా గట్టు దాటి లోపలికి వచ్చేశాడు. ఆ ఆక్రమణదారు అప్పటి ఆఫీసులో ఉన్న ఒక అధికారికి స్వయానా తోడల్లుడు. మా నాన్న కొలత కోసం అర్జీ పెట్టిన ప్రతిసారీ ఫైలు కనబడలేదు, సర్వేయరుకు తీరిక లేదు, కొలిచిన రోజున గొలుసు మా వైపే జరిగింది. ఎండలో ఆ ఆఫీసు మెట్ల మీద మా నాన్న పక్కన కూర్చున్నది మా మామే. "బంధువుల కోసం పేదోడి నోరు కొట్టే ఈ ముండాకొడుకులకు పురుగులు పడతాయి" అని దుమ్మెత్తి పోసింది కూడా మా మామే. మా నాన్న ఆ గట్టు తిరిగి రాకుండానే పోయాడు. ఆ అధికారి ఇంట్లో మాత్రం ఆయనకు మంచి పేరే ఉండి ఉంటుంది, తోడల్లుడికి అక్కరకు వచ్చిన చుట్టమని బంతిలో మెచ్చుకునే ఉంటారు. ఈ రోజు మామ నన్ను ఆ మనిషిలా మారమంటున్నారు. అప్పుడు తప్పయినది ఇప్పుడు ఒప్పు ఎలా అయింది? కుర్చీలో ఉన్నది మన అల్లుడు కావడం తప్ప మరే తేడా ఉంది?

చుట్టరికానికి నేను విలువ ఇవ్వనన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా గుచ్చింది. అత్తకు గుండెనొప్పి వచ్చిన రాత్రి వేలూరు ఆసుపత్రికి కారు నడిపింది నేను, వరండాలో తెల్లవార్లూ కూర్చున్నది నా భార్య. బామ్మర్ది బోరు ఎండిపోయినప్పుడు ఇచ్చిన డబ్బు నేను ఈనాటికీ అడగలేదు, అడగను. అవన్నీ నావి, నా నిద్ర, నా జీతం, నా ఇంటిది. నా వాళ్ళకు అవి ఎంతైనా ఇస్తాను. ప్రభుత్వ ముద్ర నాది కాదు, దాన్ని నేను పంచిపెట్టలేను. తిరుపతిలో బతికేవాళ్ళకు ఈ తేడా చెప్పడం మరీ కష్టంగా ఉంది. కొండ మీద దర్శనానికి సిఫార్సు లేఖ అడిగి అడిగి, ఏ పనికైనా లేఖ ఇచ్చే మనిషి ఒకడు ఉంటాడని, ఉండి కూడా ఇవ్వకపోతే వాడికి పొగరని మనవాళ్ళు అనుకునే స్థితికి వచ్చాం. ఉచిత సర్వదర్శనం క్యూలో గంటల తరబడి పిల్లల్ని ఎత్తుకుని నిలబడే కుటుంబాలను ఈ ఊళ్ళో రోజూ చూస్తూ కూడా ఆ అలవాటు పోలేదు.

మా శాఖలోని మిత్రులకు ఒక మాట. బంధువుల ఫైలు వస్తే మౌనంగా పక్కకు నెట్టకండి, సెలవు పెట్టి తప్పించుకోకండి, చిన్న ఉద్యోగి చేత సంతకం చేయించి మనం శుభ్రంగా ఉన్నామని అనుకోకండి. రెండు వాక్యాలు రాసి పైకి పంపండి. ప్రతి దరఖాస్తు తెరమీద అధికారి సంతకానికి ముందు "దరఖాస్తుదారుతో మీకు బంధుత్వం ఉందా" అన్న ప్రశ్న ఒకటి తప్పనిసరిగా ఉండాలని నా కోరిక. అప్పుడు కాదనే బాధ్యత మనిషి మీద పడదు, నియమం మీద పడుతుంది, ఇళ్ళలో ఇన్ని ముఖాలు ముడుచుకోవు. పై అధికారులు కూడా అలా రాసినవాణ్ణి పని ఎగ్గొట్టేవాడిలా చూడకూడదు.

మా బామ్మర్ది కొడుక్కి ఓపెన్ కేటగిరీలోనే మంచి ర్యాంకు వచ్చే తెలివి ఉంది. కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే రోజు నేను వాడి పక్కనే కూర్చుంటాను, ఫీజుకు తక్కువ పడితే చూసుకుంటాను, ఆ మాట వాడికి ఫోన్ చేసి చెప్పాను కూడా. మామకు మరొక విషయం ముందుగానే తెలియాలి. రీసర్వేలో ఆయన తోటకూ పక్కవారి తోటకూ కలిపి ఒకే భూమి పటం, అంటే జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చారు, దాన్ని విడదీయమని వచ్చే నెల ఆయన మా ఆఫీసుకే అర్జీ పెట్టాలి. ఆ అర్జీలో ఏ కాగితాలు జతచేయాలో ఇంటికి వచ్చి చెబుతాను, కావాలంటే నేనే రాసిపెడతాను. అది నా బల్ల మీదికి వచ్చిన రోజున మాత్రం, ఇతను నా మేనమామ అని రాసి, మళ్ళీ పైకే పంపుతాను.