ఆఫ్రికా కళ నేర్చుకోవాలంటే ముందు వీసా సంపాదించండి

సమకాలీన ఆఫ్రికన్ కళారంగంలోని వర్ధమాన క్యూరేటర్లకు, అంటే కళా ప్రదర్శనలను రూపొందించేవాళ్లకు, శిక్షణ ఇస్తామంటూ యూరప్ మ్యూజియం ఒకటి విడుదల చేసిన ప్రకటనను చదివే భాగ్యం ఈ మధ్య నాకు కలిగింది. అభ్యర్థుల వయసు 35 ఏళ్లు దాటకూడదు. ఉద్దేశ పత్రం, సిఫారసు లేఖలు, ప్రదర్శన ప్రణాళిక జతచేయాలి. బోధన పూర్తిగా ఉచితం. ప్రయాణం, వసతి, భోజనం, బీమా, వీసా మాత్రం అభ్యర్థులే చూసుకోవాలి. అంటే సెనెగల్ రాజధాని డకార్‌లోనో నైజీరియాలోని లాగోస్‌లోనో పుట్టి పెరిగి, అక్కడి చిత్రకారుల పని ఏళ్ల తరబడి దగ్గరుండి చూసిన మనిషి, అదే కళ గురించి తెలుసుకోవడానికి అప్పు చేసి విమానం ఎక్కాలన్నమాట. అమ్మ పుట్టిల్లు గురించి మేనమామకే చెప్పడం మనమెరిగిన సంగతే. ఇక్కడ ఆ పాఠానికి దారిఖర్చు కూడా మేనమామే పెట్టుకోవాలి.

ఎంపికైన ఒకామె వీసా కార్యాలయానికి వెళ్లిందనుకుందాం. యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు; వీసా ఇవ్వకపోయినా ఆ సొమ్ము తిరిగి రాదు. కిటికీ అవతలి అధికారి ఎంతో మర్యాదగా అడిగాడు:

"మా దేశానికి దేనికి వస్తున్నారు?"

"ఆఫ్రికన్ కళ గురించి నేర్చుకోవడానికండీ."

"అది మీ దగ్గర లేదా?"

"పాతదంతా చాలావరకు మీ దగ్గరే ఉందండీ."

ఆయన ఏదో రాసుకున్నాడు. శిక్షణ ముగిశాక తిరిగి వెళ్తారనడానికి రుజువేమిటని అడిగాడు. ఆమె తిరుగు టికెట్టు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగ ధ్రువపత్రం, చివరికి నాన్నగారి ఇంటి దస్తావేజు కూడా చూపించింది. ఆయనకు తృప్తి కలగలేదు. "మీ వైపు నుంచి వచ్చినవేవీ ఒక పట్టాన వెనక్కి వెళ్లవని మా అనుభవం," అన్నాడు.

ఆ అనుభవాన్ని తీసిపారేయలేం. 1897లో బ్రిటిష్ సేనలు ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యపు రాజధాని బెనిన్ నగరాన్ని కొల్లగొట్టాయి. ఆ రాజ్యానికి చెందిన వస్తువులు ఒక్క బ్రిటిష్ మ్యూజియంలోనే 900కు పైగా ఉన్నాయి. అదే పేరున్న వేరే దేశం, ఇప్పటి బెనిన్‌లోని అబోమే రాజప్రాసాదాల నుంచి 1892లో ఫ్రెంచి సేనలు పట్టుకుపోయిన వాటిలో 26 వస్తువులు 2021లో ఆ దేశానికి తిరిగొచ్చాయి. 129 ఏళ్లు అదనంగా ఉండిపోయినందుకు వాటికి జరిమానా పడలేదు, పాస్‌పోర్టు మీద ఎర్ర ముద్రా పడలేదు.

ఇంతకీ ఈ శిక్షణ లేకపోతే ఆఫ్రికా క్యూరేటర్లు పైకి రాలేరని ఎవరు చెప్పారు? నైజీరియాలోని కాలబార్‌లో పుట్టిన క్యూరేటర్ ఓక్వి ఎన్వెజోర్ అమెరికాలో చదివింది రాజనీతిశాస్త్రం. ఆయనే 2002లో జర్మనీలో జరిగే డాక్యుమెంటా 11కు, 2015లో ఇటలీలో జరిగే వెనిస్ బియన్నాలేకు, అంటే ప్రపంచంలోని రెండు పెద్ద కళా ప్రదర్శనలకు సారథ్యం వహించారు. బిసి సిల్వా 2007లో లాగోస్‌లో సమకాలీన కళాకేంద్రాన్ని స్థాపించారు. 2010లో మొదలైన ఆమె అసికో పాఠశాల లాగోస్ నుంచి అక్రా, డకార్, మపుటో, అడిస్ అబాబాలకు తనే నడిచి వెళ్లింది, విద్యార్థులను వీసా కిటికీల ముందు నిలబెట్టలేదు. కోయో కువో 2008లో డకార్‌లో రా మెటీరియల్ కంపెనీ అనే కళాకేంద్రాన్ని పెట్టారు. అందులోనే అకాడమీ కూడా మొదలైంది.

ఆ ముగ్గురూ అరవై ఏళ్లు నిండకుండానే పోయారు. ఎన్వెజోర్, సిల్వా 2019లో. 2026 వెనిస్ బియన్నాలేకు క్యూరేటర్‌గా ఎంపికైన కువో ఆ ప్రదర్శనను చూడకుండానే 2025 మేలో. పోయిన ప్రతిసారీ పెద్ద మ్యూజియంలు పేజీలకు పేజీలు నివాళులు రాశాయి. సిగ్గులేకపోతే సరి! ఆ పాఠశాలలకు అయిదేళ్లకు సరిపడా అద్దె, ఇద్దరు గ్రంథాలయ ఉద్యోగుల జీతాలు, శిక్షణ ముగిసినవాళ్లకు ఒక్క ఏడాది పని చూపించి ఉంటే, ఆ నివాళుల్లో ఒక్క వాక్యమైనా నిజమయ్యేది. అది చేయరు. సర్టిఫికెట్టు ఇస్తారు, ఫొటో తీస్తారు, తమ వార్షిక నివేదికలో వేసుకుంటారు.

శిక్షణ మీద అంత ప్రేమే ఉంటే అధ్యాపకులే టికెట్టు కొనుక్కుని డకార్ వెళ్లవచ్చు. యూరప్ పౌరులకు 2013లో వీసా పెట్టి, 2015లో మళ్లీ తనే ఎత్తేసిన దేశం సెనెగల్. ఎవరినీ నాన్నగారి ఇంటి దస్తావేజు అడగలేదు.