మాస్క్ తీసేస్తే లూచాలో ఇంకేం మిగుల్తుంది?

1999 ఫిబ్రవరిలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల సూపర్‌బ్రాల్ షోలో, లూచా అంటే మెక్సికన్ రెజ్లింగ్ ఆడే రే మిస్టీరియోతో మాస్క్ తీయించేశారు. ఇద్దరూ ఇద్దరూ ఆడే ట్యాగ్ మ్యాచ్, ఇటు పందెం రే మాస్క్, అవతల కెవిన్ నాష్, స్కాట్ హాల్, వాళ్ల వైపు పందెం వాళ్లతో ఉండే మిస్ ఎలిజబెత్ జుట్టు. తీయడం రేకి అస్సలు ఇష్టం లేదు. మన దగ్గర టెన్ స్పోర్ట్స్‌లో రే కొట్టే 619 దెబ్బ చూసి, డబ్ల్యూడబ్ల్యూఈ కార్డులు ఆడుకుని పెరిగినోళ్లకి మాస్క్ లేని రే ఊహకి కూడా రాడు, ఎందుకంటే 2002లో డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చేటప్పటికి మళ్లీ మాస్క్‌తోనే వచ్చాడు.

మెక్సికన్ రెజ్లింగ్‌ని అమెరికా టీవీకి తెచ్చేవాళ్లు చేస్తూ వస్తున్న తప్పంతా నాకు ఆ ఒక్క రాత్రిలోనే కనిపిస్తుంది. గాల్లోకి ఎగిరే మనుషులు కావాలి, వాళ్లు దేనికోసం ఎగురుతున్నారో మాత్రం అక్కర్లేదు.

మెక్సికోలో మాస్క్ అంటే ఏదో డ్రెస్ కాదు. అక్కడి పెద్ద స్టార్ ఎల్ సాంతో 1942 నుంచి వెండి రంగు మాస్క్‌తో ఆడాడు, ఏ పందెంలోనూ దాన్ని పోగొట్టుకోలేదు, 1984లో చనిపోతే మాస్క్‌తోనే పూడ్చిపెట్టారు. అక్కడ బెల్ట్ కోసం జరిగే మ్యాచ్ కన్నా మాస్క్‌నో జుట్టునో పందెం కాసే మ్యాచే పెద్దది, ఓడినోడు రింగ్ మధ్యలో నిలబడి మాస్క్ విప్పి తన అసలు పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి ఆడుతున్నాడో అందరి ముందూ చెప్పుకోవాలి. ఇది తెలియని ప్రేక్షకుడికి అది ఒక గుడ్డ ముక్క, అంతే.

తెలిసేలా చెప్తే అమెరికా వాళ్లకీ ఎక్కుతుంది, దానికి సాక్ష్యం కూడా ఉంది. 1994 నవంబర్‌లో మెక్సికోకి చెందిన ఏఏఏ కంపెనీ లాస్ ఏంజెలెస్‌లో చేసిన పే పర్ వ్యూలో ఆక్టగాన్, ఎల్ ఇహో డెల్ సాంతో తమ మాస్క్‌లు కాస్తే ఎడ్డీ గెరెరో, ఆర్ట్ బార్ జుట్టు కాశారు. దానికి ఇంగ్లిష్ కామెంటరీ చెప్పిన మైక్ టెనే తర్వాత డబ్ల్యూసీడబ్ల్యూలోనూ ప్రతి లూచడోర్, అంటే లూచా ఆటగాడు, ఎవరు, ఎక్కడోడు, ఏ కుటుంబం అని ఓపిగ్గా చెప్పేవాడు. 1997లో డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల హాలోవీన్ హావక్ షోలో రే మాస్క్‌కి ఎడ్డీ టైటిల్ పోటీ, జనం ఇప్పటికీ వెతుక్కుని చూసే మ్యాచ్ అది. అదే కంపెనీ ఏడాదిన్నర కూడా తిరక్కుండానే ఆ మాస్క్‌ని పారేసింది! హువెంతుద్ గెరెరా, సికోసిస్ మాస్క్‌లు కూడా అక్కడే పోయాయి, 2005లో ఆ ఇద్దర్నీ సూపర్ క్రేజీతో కలిపి డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు గడ్డి కోసే మెషిన్ల మీద రింగ్‌కి పంపారు. అది చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకో చిక్కు టీవీ టైమ్. మెక్సికోలో ముగ్గురూ ముగ్గురూ టీములుగా, మూడు రౌండ్లలో రెండు గెలిచేలా ఆడతారు, రూడోలు అంటే విలన్లు ఒక రౌండ్ కొట్టేస్తారు, టెక్నికోలు అంటే హీరోలు ఇంకోటి లాగేస్తారు, మూడోదానికి హాలు ఊగిపోతుంది. యాడ్ బ్రేకుల మధ్య ఇరికించిన చిన్న మ్యాచ్‌లో ఆ కథకి చోటేది?

2014లో అమెరికా చానెల్ ఎల్ రే నెట్‌వర్క్‌లో మొదలైన లూచా అండర్‌గ్రౌండ్ షో దీన్ని వేరే దారిలో పట్టుకుంది. లాస్ ఏంజెలెస్‌లోని బాయిల్ హైట్స్‌లో టెంపుల్ అని ఒక సెట్, అజ్‌టెక్ పురాణాలు, సీరియల్ లాంటి కథ, దాంతో మాస్క్ ఎందుకుందో కథే చెప్పేసేది, పెంటగాన్ అనే మాస్క్ రెజ్లర్ అవతలోడి చెయ్యి విరిచేటప్పుడు అందరూ కలిసి "సేరో మియెదో", అంటే భయం సున్నా, అని అరిచేవాళ్లు. చానెల్ చిన్నది కాబట్టి నాలుగు సీజన్లతో 2018లో ఆగిపోయింది, ఐడియాలో తప్పుండి కాదు.

2025 ఏప్రిల్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ ఏఏఏనే కొంటున్నట్టు ప్రకటించింది, జూన్‌లో ఇంగిల్‌వుడ్‌లో కలిసి షో కూడా చేశారు. డబ్బుకీ రీచ్‌కీ ఇప్పుడు లోటు లేదు. నేను చూసేది ఒక్కటే, ఈసారి మాస్క్ పందెం జరిగినప్పుడు ఓడినోడు పేరూ ఊరూ చెప్పుకునే ఆ రెండు నిమిషాలు యాడ్‌కి పోకుండా ఉంటాయా, ఎవరైనా కామెంటేటర్ మాట్లాడ్డం ఆపి అతన్ని చెప్పుకోనిస్తాడా అని.