పరుపుకి పదవీ విరమణ వయసెంత?

మొన్న పరుపుల షాపులోకి వెళ్లాం. కొనడానికి కాదు, పక్కనున్న చెప్పుల షాపు ఇంకా తెరవలేదని. సేల్స్ కుర్రాడు ఎదురొచ్చి, "ఇంట్లో ఉన్న పరుపు ఎన్నేళ్లది సార్?" అన్నాడు.

"మా పెద్దాడికంటే ఏడాది పెద్దది."

"బాబు ఏ క్లాసు సార్?"

"బెంగళూరులో ఉద్యోగం. వచ్చే మాఘంలో పెళ్లి."

కుర్రాడు మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు. పరుపు ఏడెనిమిదేళ్లకోసారి, మహా అయితే పదేళ్లకి మార్చి తీరాలని, లేకపోతే నడుము, మెడ, నిద్ర వరసగా పోతాయని, ఇంట్లో ఎవరో పోయారని చెప్పేటంత మెల్లగా చెప్పాడు.

అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. పరుపు వల్ల కాదు, జరిగిన అన్యాయం వల్ల.

నేను ప్రభుత్వోద్యోగిని. పదవీ విరమణ వయసు విషయంలో మా జాతికి ఉన్న పట్టుదల అందరికీ తెలిసిందే. 1983లో దాన్ని 58 నుంచి 55కి దించితే, మళ్లీ 58 అయ్యేదాకా ఉద్యోగులు ఊరుకోలేదు. రాష్ట్రం విడిపోయిన 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో అది 60 అయింది, 2022 జనవరి నుంచి 62. తెలంగాణ 2021లో ఒక్క గెంతులో 61కి వెళ్లింది. కూర్చుని పనిచేసే మాకే ఇన్ని పొడిగింపులుంటే, పడుకున్నవాళ్లని మోస్తూ పనిచేసే పరుపుకి ఎనిమిదేళ్లకే ఉద్వాసనా? దానికి పీఆర్సీ లేదు, డీఏ లేదు. ఆదివారం సెలవు మాట దేవుడెరుగు, ఆ రోజు మధ్యాహ్నం కూడా డ్యూటీయే.

మా పరుపు 1998లో సర్వీసులో చేరింది. పెళ్లి సారెలో బీరువా, మంచంతోపాటు వచ్చింది. బూరుగు దూది. తణుకులో మా మావగారు ఇంటికి మనుషుల్ని పిలిపించి, పెరట్లో దూది ఏకించి, ఎదురుగా కుర్చీ వేసుకుని మరీ కుట్టించారు. కాబట్టి దాన్ని మార్చాలనడం పరుపు గురించిన మాట కాదు, మావగారి గురించిన మాట. ఈ సంగతి ఆ కుర్రాడికి తెలియదు. వాడికింకా పెళ్లి కాలేదు.

దాని జాబ్ చార్టు ఒకసారి చూడండి. నిద్రపుచ్చడం అసలు పని. అదనపు బాధ్యతలే ఎక్కువ. రాత్రి ప్యాంటు మడతపెట్టి కింద పెడితే తెల్లారేసరికి ఇస్త్రీ. గ్యాస్ పుస్తకం, మా అమ్మ మోకాలి ఎక్స్‌రే, కరెంటు బిల్లులు, అన్నీ దాని కిందే. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో పెద్ద నోట్ల రద్దు ప్రకటన రాగానే మా ఆవిడ గబగబా వెళ్లి పరుపు ఎత్తింది. నా సంసారంలో ఉన్నాయని నాకే తెలియని 500 నోట్లు పదకొండు బయటపడ్డాయి. అన్నేళ్లు ఆ రహస్యాన్ని కాపాడింది ఆ పరుపే. మా ఆఫీసులో ఒక్క ఫైలు గురించైనా అంత గుట్టుగా ఉన్నవాళ్లని నేను చూడలేదు.

లోపాలు లేవని అనను. దూది ఉండలు కట్టి వీపులో గుచ్చుకుంటుంది. ఏకై వచ్చి మేకై కూర్చుందన్న సామెతని ఎవరో మహానుభావుడు ఇలాంటి పరుపు మీద పడుకునే పుట్టించి ఉంటాడు. మధ్యలో గుంత కూడా పడింది. ఎంత పోట్లాడుకుని చెరో అంచుకి తిరిగి పడుకున్నా, తెల్లవారుజాముకి ఇద్దరం దొర్లుకుంటూ వచ్చి ఆ గుంతలోనే తేలతాం. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఏ గొడవా మర్నాడు కాఫీ దాకా రాలేదంటే ఆ లోక్ అదాలత్ చలవే.

2009లో మొత్తం విప్పించి, ఏకించి, కొత్త గుడ్డ వేయించాం. ఆ లెక్కన దాని పుట్టిన తేదీ 2009 అని నా వాదన. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ దిద్దించుకున్నవాళ్లు ఉద్యోగుల్లో లేరా ఏమిటి?

ఇక కుర్రాడు చూపించిన కొత్తవాటి సంగతి. పదేళ్ల వారంటీ అన్నాడు. ఎనిమిదేళ్లకి మార్చేయాల్సిన దానికి పదేళ్ల వారంటీ ఎందుకో అర్థం కాలేదు. చిన్న అక్షరాల్లో ఇంకో మెలిక ఉంది. గుంత పడితే సరిపోదు, కంపెనీవాళ్లు చెప్పినంత లోతు పడాలి. పైగా మచ్చ ఉండకూడదు. ఇద్దరు పిల్లల్ని పెంచిన పరుపు మీద మచ్చ ఉండకూడదట!

మెమరీ ఫోమ్ అని ఇంకొకటి నొక్కి చూపించాడు. అరచేతి గుర్తు కాసేపు ఉండి పోయింది. 1966లో నాసా కోసం, విమానం సీట్లకని తయారుచేసిన పదార్థం అది. అంత పెద్ద సంస్థ కష్టపడితే వచ్చిన జ్ఞాపకశక్తి అరనిమిషం. మా పరుపుకి మా పెద్దాడు పక్క తడిపిన రాత్రి దగ్గర్నుంచి మా చిన్నదాని ఇంటర్ పరీక్షల్లో ఒలికిన కాఫీ దాకా అన్నీ గుర్తున్నాయి. పటం గీసినట్టు చూపిస్తుంది.

ఆన్‌లైన్‌లో కొంటే వంద రాత్రులు పడుకుని చూడొచ్చట, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారట. పరుపు ట్రయల్లో మన రికార్డు భీష్ముడిది. అంపశయ్య మీద 58 రాత్రులు గడిచాయని ఆయనే ధర్మరాజుతో అన్నాడు. (మా పాత విరమణ వయసు కూడా 58 అని గమనించగలరు.) తలకి ఆనిక లేదంటే కౌరవులు మెత్తటి దిండ్లు తెచ్చారు. ఆయన వద్దన్నాడు. అర్జునుడు మూడు బాణాలతో దిండు అమర్చాడు. పరుపుతోపాటు దిండు ఫ్రీ అనే ఆఫరు అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఈ వాదనలన్నీ వినిపించాక ఏమైంది? మా పెద్దాడు ఫోన్లోనే ఒక ఫోమ్ పరుపు ఆర్డర్ పెట్టేశాడు. చాపలా చుట్టుకుని డబ్బాలో వచ్చింది, విప్పగానే బుస్సుమని లేచింది. మా ఆవిడ దాని ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు, మాసిపోతుందని. పాతదాన్ని పిల్లల గదిలోకి బదిలీ చేశాం. సాధారణ బదిలీయే, శిక్ష కాదు.

వారం తిరక్కుండా మావగారు సంక్రాంతికి వస్తున్నానని ఫోన్ చేశారు. "ఏవండీ, నాన్న చూస్తే ఏమనుకుంటారు?" అంది మా ఆవిడ. నేనూ, మా వీధి చివర ఇస్త్రీ అబ్బాయీ కలిసి పాత పరుపుని మోసుకొచ్చి మళ్లీ మా మంచమెక్కించాం. దాని మీదికి కొత్త దుప్పటి కూడా వచ్చింది.

మావగారు వచ్చారు. కాళ్లు కడుక్కుని, మా గదిలోకి వచ్చి, మంచం మీద కూర్చుని, పరుపుని రెండుసార్లు అరచేత్తో తట్టారు. నేను పొడిగింపు ఉత్తర్వుల కోసం చూస్తున్నట్టు నిలబడ్డాను.

"ఇదేంటి అల్లుడుగారూ, ఇంకా దీని మీదే పడుకుంటున్నారా? మాది ఎప్పుడో తీసేశాంగా! దూదితో నడుం నొప్పి. ఇప్పుడంతా ఫోమేనండీ."

ఇది రాస్తున్న సమయానికి ఆయన పిల్లల గదిలో, కొత్త పరుపు మీద నిద్రపోతున్నారు. అటు తిరిగినప్పుడల్లా ప్లాస్టిక్ కవరు చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది, మాటల్లేవు. తెల్లారడానికి ఇంకా నాలుగు గంటలుంది. గుంత తన పని మొదలుపెట్టింది.