2021 మే నిషేధం ఎవరిని ఆపింది?

కోవిడ్ ఆంక్షలు పనిచేశాయా లేదా అని అమెరికాలోని మనవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. లాక్‌డౌన్, మాస్కు, ప్రయాణ నిషేధం అన్నింటినీ ఒకే గాటన కడితే ఆ వాదన తేలదు. మన కుటుంబాలను నేరుగా దెబ్బతీసిన నిషేధం ఒక్కదాన్నే చూద్దాం.

అంతకుముందు 14 రోజుల్లో భారత్‌లో ఉన్న విదేశీయులు అమెరికాలో అడుగుపెట్టకూడదని 2021 మే 4 నుంచి ఆంక్ష పెట్టారు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, వారి భార్యాభర్తలకు మినహాయింపు. ఏళ్ల తరబడి ఇక్కడ పన్ను కట్టిన హెచ్‌1బీ (తాత్కాలిక ఉద్యోగ వీసా) ఉద్యోగికి మాత్రం లేదు. పోనీ వచ్చినవాళ్లను క్వారంటైన్‌లో ఉంచారా అంటే అదీ లేదు. బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు చేయించుకున్న టెస్టులో నెగెటివ్ వస్తే చాలు. అంతకు ఒకటి రెండు రోజుల ముందే వైరస్ సోకినవారికి ఆ టెస్టులో చాలాసార్లు నెగెటివే వస్తుంది.

మెక్సికోలోనో సెర్బియాలోనో 14 రోజులు ఉండి రావడానికి అడ్డేమీ లేదు. డబ్బూ, చెల్లుబాటయ్యే వీసా ఉన్నవాళ్లు అలాగే వచ్చారు. 21 ఏళ్లలోపు, పెళ్లికాని పిల్లలు అమెరికా పౌరులైతే తల్లిదండ్రులకూ మినహాయింపు ఉంది కానీ, భారత్‌లోని అమెరికా కాన్సులేట్లలో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) అపాయింట్‌మెంట్లు రద్దయ్యాక అది కాగితానికే పరిమితమైంది. నిషేధం మొదలయ్యేనాటికే కోవిడ్ డెల్టా రకం అమెరికాకు చేరింది. జూలై తొలివారానికి కొత్త కేసుల్లో సగానికి పైగా అదే. అయినా నవంబర్ 8 దాకా నిషేధం ఎత్తలేదు. జూలై తర్వాత కొనసాగించడానికి వైద్యపరంగా ఏ సమర్థనా లేదని మా స్థిరమైన అభిప్రాయం.

సరిహద్దు ఆంక్షలన్నీ దండగ అనడం కూడా తప్పే. న్యూజిలాండ్ 2020లో వైరస్ బాగా పాకకముందే తలుపులు మూసింది. తిరిగొచ్చిన సొంత పౌరులనూ 14 రోజులు హోటళ్లలో ఉంచి, 3వ రోజు, 12వ రోజు పరీక్షించింది. మొదటి టెస్టు బయల్దేరకముందు సోకినవారిని పట్టుకుంటుంది. రెండోది, ఆలస్యంగా బయటపడేవారినీ హోటల్లోనే అంటించుకున్నవారినీ పట్టుకుంటుంది. ఆ రెండో టెస్టు లేకపోతే క్వారంటైన్‌కు సగం విలువే.

హోటల్లో ఎలా అంటుతుందంటే, కారిడార్‌లో గాలి కదలదు. భోజనం కోసం ఎదురెదురు గదుల తలుపులు ఒకేసారి తెరుచుకుంటాయి. ఒక గది గాలి ఇంకో గదిలోకి వెళ్తుంది. 2020లో మెల్‌బోర్న్ రెండో వేవ్ క్వారంటైన్ హోటళ్ల నుంచే మొదలైంది. అదే ఆస్ట్రేలియాలో, డార్విన్ దగ్గరి హోవర్డ్ స్ప్రింగ్స్ క్వారంటైన్ కేంద్రంలో విడివిడి క్యాబిన్లు, ఎవరి వరండా వారిది, కారిడార్ అన్నదే లేదు. అలాంటి గదులు పెంచాల్సిన ఆస్ట్రేలియా, 2021 మేలో భారత్ నుంచి వచ్చే సొంత పౌరులకే ఐదేళ్ల జైలని బెదిరించింది. అది అన్యాయం.

మన సంఘాలు అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యులకు రాసే వినతుల్లో మూడు విషయాలు అడగాలి. మినహాయింపు పౌరసత్వాన్ని బట్టి కాక అందరికీ ఒకే క్వారంటైన్, రెండు టెస్టుల నియమంతో ఉండాలి. ప్రతి నిషేధానికీ మొదటే గడువు తేదీ రాయాలి. నిషేధం ఉన్నన్నాళ్లూ అమెరికాలో పనిచేస్తున్నవారికి ఇక్కడే వీసా స్టాంపింగ్ చేయాలి.